కొత్త మందు ట్రయల్‌లో చేరమంటున్నారు, చేరనా?

ప్రశ్న: నా వయసు 32. మాది ఖమ్మం జిల్లా. పెళ్లయి ఏడేళ్లయింది. రెండుసార్లు గర్భం నిలిచి, మూడో నెల దాటాక పోయింది. రెండేళ్ల కింద ఎడమ కాలు వాచిపోతే రక్తం గడ్డకట్టిందన్నారు. పరీక్షలు చేసి యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అని చెప్పారు, మూడు పరీక్షలూ పాజిటివ్. అప్పటి నుంచి రక్తం పలచన చేసే అసిట్రోమ్ మాత్ర వేసుకుంటున్నాను. రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష కోసం మాటిమాటికీ ఖమ్మం పోవాలి. పోయిన నెల 1.6 వచ్చింది, ఇంకా డాక్టర్ గారికి చూపించలేదు. డల్లాస్‌లో ఉన్న మా మరిది "పరీక్షలే అక్కర్లేని కొత్త మాత్రలు వచ్చాయి వదినా, ఇంకా ఆ పాత మందేనా" అంటున్నాడు. ఇంతలో నేను హైదరాబాద్‌లో చూపించుకునే ఆస్పత్రిలో ఈ జబ్బుకు కొత్త ఇంజక్షన్ మీద క్లినికల్ ట్రయల్ జరుగుతోంది, చేరతారా అని అడిగారు. అసిట్రోమ్ అలాగే వాడుతూ సగం మందికి ఆ ఇంజక్షన్, సగం మందికి ఉత్త సెలైన్ ఇస్తారట. ఏడాది పైనే పడుతుందట. పరీక్షలన్నీ ఫ్రీ. మా ఆయన చేరమంటున్నారు. మా అత్తమ్మ మాత్రం "భద్రాచలంలో ఆడపిల్లల మీద చేసినట్టు నీ మీద ప్రయోగం చేస్తారు, వద్దే" అని ఒకటే ఏడుపు. నాకు పిల్లలు కావాలి. ఏం చేయమంటారు? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నా పేరు వేయకండి.

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటికంటే ముందు, మీరు మామూలుగా రాసి వదిలేసిన ఒక్క మాట గురించి చెప్పాలి. ఐఎన్ఆర్ 1.6 అన్నారు. మీకు అది 2కూ 3కూ మధ్య ఉండాలి. 1.6 అంటే మందు వేసుకుంటున్నా రక్తం తగినంత పలచబడటం లేదని అర్థం. ఆ రిపోర్టు నెల రోజులుగా మీ పర్సులోనే ఉందంటే నాకు భయంగా ఉంది. ఇది చదవడం ఇక్కడితో ఆపి, ముందు డాక్టర్ గారికి ఫోన్ చేయండి. డోసు మీ అంతట మీరు పెంచుకోవద్దు. ఎంత పెంచాలో, మళ్లీ ఎన్ని రోజులకు పరీక్ష చేయించాలో ఆయన చెబుతారు.

ఫోన్ చేసేటప్పుడు ఎందుకు తగ్గిందో మీకు తోచింది కూడా చెప్పండి. మధ్యలో మాత్రలు మరిచిపోయారా? కొత్తగా ఏదైనా మందు మొదలైందా? ఈ మధ్య ఇంట్లో మునగాకు, తోటకూర, గోంగూర ఎక్కువగా వండుతున్నారా? ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె అసిట్రోమ్‌కు ఎదురు పనిచేస్తుంది. అలాగని ఆకుకూరలు మానేయమని చెప్పను. వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే ప్రతి వారం రెండుసార్లే తినండి, డోసు దానికి తగ్గట్టు కుదురుతుంది. ఒక నెల అసలు ముట్టకుండా మరో నెల రోజూ తింటేనే ఐఎన్ఆర్ పైకీ కిందికీ ఊగుతుంది. ఇంకో మాట. ఒళ్లు నొప్పులని ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరకు వెళ్తే తుంటికి డైక్లోఫెనాక్ ఇంజక్షన్ పొడిచేస్తారు. అసిట్రోమ్ మీద ఉన్నవాళ్లకు అది రెండు రకాల ప్రమాదం: కండ లోపల రక్తం కారి గడ్డలా ఉబ్బుతుంది, కడుపులో పుండు పడి రక్తస్రావమూ కావచ్చు. జ్వరానికీ నొప్పికీ ఏ మాత్ర వేసుకోవచ్చో మీ డాక్టర్‌నే అడిగి రాయించుకోండి. కాలు మళ్లీ వాచినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి పట్టు తప్పినా ఎవరి సలహా కోసమూ ఆగకుండా పెద్దాస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.

ఇక మీ జబ్బు సంగతి. మన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి, రక్తంలో ఉండే కొన్ని ప్రొటీన్ల మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవి రక్తనాళాల లోపలి పొరనూ ప్లేట్‌లెట్లనూ రెచ్చగొడతాయి. దాంతో అవసరం లేనిచోట రక్తం గడ్డకడుతుంది. కాలి సిరలో కట్టొచ్చు, మెదడులో కట్టొచ్చు. కడుపులో బిడ్డను పోషించే మాయనూ ఈ యాంటీబాడీలు దెబ్బతీస్తాయి. మీ గర్భాలు పోవడానికి కారణం ఇదే అయి ఉండొచ్చు. బరువులు ఎత్తినందుకో, ప్రయాణాలు చేసినందుకో పోయిందని ఎవరైనా మిమ్మల్ని అని ఉంటే, దయచేసి ఆ మాట మనసులోంచి తీసేయండి.

ఈ జబ్బుకు మూడు పరీక్షలు చేస్తారు: లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీ కార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రొటీన్. మూడూ పాజిటివ్ వచ్చినవాళ్లను ట్రిపుల్ పాజిటివ్ అంటారు, గడ్డల ముప్పు వీళ్లకే ఎక్కువ. అయితే ఏదైనా ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు కూడా ఈ యాంటీబాడీలు కొన్నాళ్లు కనిపించి పోతుంటాయి. అందుకే కనీసం 12 వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేసి, అప్పుడూ పాజిటివ్ వస్తేనే జబ్బు అని ఖాయం చేస్తారు. మీ ఫైల్లో ఆ రెండో రిపోర్టు ఉందో లేదో చూసుకోండి. రక్తం పలచన చేసే మందు వాడుతుండగా లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పరీక్ష చేస్తే ఫలితం తప్పుదారి పట్టించే అవకాశం ఉంది, ఆ సంగతి కూడా అడగండి. ట్రయల్ వాళ్లు మొదట చూసేది కూడా ఆ రిపోర్టులనే.

మీ మరిది మీ మంచి కోరే చెబుతున్నాడు. అతను చెప్పే మాత్రలు రివరాక్సబాన్, అపిక్సబాన్ లాంటివి. ఇవి మన దగ్గర కూడా దొరుకుతాయి. గుండె లయ తప్పినవాళ్లకు, ఈ జబ్బు లేకుండా కాలిలో గడ్డ కట్టినవాళ్లకు బాగా పనిచేస్తాయి, మాటిమాటికీ ఐఎన్ఆర్ చూసుకునే పనీ ఉండదు. మరి మీకెందుకు వద్దంటున్నానో కొంచెం వివరంగా చెబుతాను. ట్రయల్‌లో చేరాలా అన్న మీ ప్రశ్నకు కూడా ఇది పనికొస్తుంది.

ఇటలీలో 14 ఆస్పత్రులు కలిసి ట్రాప్స్ అనే ట్రయల్ మొదలుపెట్టాయి. అందులో చేరిన 120 మందీ మీలాంటి ట్రిపుల్ పాజిటివ్‌లే, అందరికీ అంతకుముందు ఒకసారైనా గడ్డ కట్టింది. చీటీ తీసినట్టు కంప్యూటర్ ఎంపిక చేసిన 59 మందికి రివరాక్సబాన్, మిగిలిన 61 మందికి పాత వార్ఫరిన్ ఇచ్చారు. వార్ఫరిన్ మీ అసిట్రోమ్ కుటుంబంలోదే, పనిచేసే తీరు ఒకటే. కొత్త మాత్ర పాతదానికి తీసిపోదని తేలుతుందనే చాలామంది అనుకున్నారు. కానీ రివరాక్సబాన్ వేసుకున్నవాళ్లలో నలుగురికి మెదడులో గడ్డ కట్టి పక్షవాతం, ముగ్గురికి గుండెపోటు వచ్చాయి. వార్ఫరిన్ వేసుకున్నవాళ్లలో ఒక్కరికి కూడా గడ్డ కట్టలేదు. పెద్ద రక్తస్రావాలు కూడా కొత్త మాత్రతో 4, పాత మందుతో 2. ఆ లెక్కలను బయటి నుంచి గమనిస్తున్న భద్రతా కమిటీ సలహా మీద 2018 జనవరిలో ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు.

అమెరికాలో అపిక్సబాన్ మీద జరిగిన ఇంకో ట్రయల్‌లో చేరింది 48 మందే. అపిక్సబాన్ వేసుకున్న 23 మందిలో ఆరుగురికి మెదడులో గడ్డ కట్టింది, వార్ఫరిన్ వేసుకున్న 25 మందిలో ఎవరికీ లేదు. ఇలాంటి నాలుగు ట్రయల్స్‌లోని 472 మంది లెక్కలు కలిపి చూసినా అదే తేలింది: సిరల్లో గడ్డల విషయంలో పెద్ద తేడా కనబడలేదు, కానీ గుండెకూ మెదడుకూ వెళ్లే ధమనుల్లో గడ్డలు కొత్త మాత్రలతోనే ఎక్కువ. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2019లోనే ఈ జబ్బు ఉన్నవాళ్లకు, ముఖ్యంగా ట్రిపుల్ పాజిటివ్ వాళ్లకు, ఈ మాత్రలు వద్దని హెచ్చరించింది. మీ మరిదికి ఇంకేం చెప్పనక్కర్లేదు, ఈ రెండు పేరాలు ఫోటో తీసి పంపండి. అమెరికాలో కూడా ఈ జబ్బు తెలిసిన డాక్టర్లు మీలాంటివాళ్లకు వార్ఫరినే రాస్తారు.

అక్కడి నుంచి వేలి చుక్కతో ఇంట్లోనే ఐఎన్ఆర్ చూసుకునే మీటర్ పంపిస్తానని కూడా అనవచ్చు. మామూలు పేషెంట్లకు అది మంచి సౌకర్యం. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ ఉన్నవాళ్లలో మాత్రం కొన్ని మీటర్లు తప్పు అంకె చూపిస్తాయి, లోపల తక్కువున్నా పైకి సరిపోయినట్టు కనిపిస్తుంది. మీ డాక్టర్ సరేనని, ల్యాబ్ రిపోర్టుతో పోల్చి చూశాకే వాడాలి. అప్పటిదాకా చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే పరీక్షనే నమ్మండి. ఖమ్మం తిరుగుడు ఎంత కష్టమో నాకు తెలుసు. మీకు దగ్గర్లోని టౌన్‌లో నమ్మకమైన ల్యాబ్ ఉందేమో వాకబు చేయండి. ఉంటే ఎప్పుడూ అక్కడే చేయించుకుని, రిపోర్టు ఫోన్‌లో పంపి డోసు అడిగే పద్ధతి పెట్టుకోండి. చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు.

ఇప్పుడు ట్రయల్ గురించి. పై కథ చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ఆ 120 మంది చేరకపోయి ఉంటే, పరీక్షలు తప్పుతాయన్న ఆశతో ఇవాళ మీలాంటివాళ్లు ఎందరు మాత్ర మార్చుకుని మంచాన పడేవాళ్లో! మీరిప్పుడు పొందుతున్న వైద్యమంతా అలా చేరినవాళ్లు పెట్టిన భిక్షే. ఒకప్పుడు ఈ జబ్బుకు ఐఎన్ఆర్ 3 పైనే ఉంచాలని గట్టిగా నమ్మేవాళ్లు. కెనడా డాక్టర్లు 114 మందిని రెండు గుంపులు చేసి చూసి, 2003లో ఫలితం ప్రకటించారు. 3 పైన ఉంచితే గడ్డలేమీ తగ్గలేదు. అందుకే ఇవాళ మీకు 2 నుంచి 3 చాలంటున్నాం, అంత మేరకు రక్తస్రావం భయమూ తగ్గింది. లండన్‌లో పదేపదే అబార్షన్లయిన, ఈ యాంటీబాడీలున్న 90 మంది స్త్రీలతో ఒక ట్రయల్ చేసి 1997లో అచ్చువేశారు. చిన్న డోసు ఆస్పిరిన్ ఒక్కటే ఇచ్చిన 45 మందిలో 19 మందికి బిడ్డ దక్కింది. ఆస్పిరిన్‌తో పాటు రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఇంజక్షన్లు కూడా ఇచ్చిన 45 మందిలో 32 మందికి దక్కింది. ఆ అంకెలు మళ్లీ ఒకసారి చదవండి. మీకు బిడ్డ పుడతాడని నేను ధైర్యంగా చెప్పగలగడానికి ఆ తల్లులే ఆధారం.

అలాగని మీ అత్తమ్మ భయాన్ని కొట్టిపారేయను. ఆమె చెప్పింది జరిగిన విషయమే. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు, సుమారు 14 వేల మందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. వాళ్లలో చాలామంది భద్రాచలం వైపు గిరిజన హాస్టళ్లలో చదువుకుంటున్నవాళ్లు. కొందరు పిల్లలు చనిపోయాక గొడవై, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమై ఉండకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది. అదే కమిటీ, ఆ తర్వాత 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం, అనుమతి తీసుకున్న తీరును తప్పుపట్టాయి. తల్లిదండ్రులకు తెలియకుండానే హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. టీకా మంచిదే, ఇప్పుడు ఎన్నో దేశాల్లో మామూలుగా వేస్తున్నారు. కానీ కన్నవాళ్లను అడగకుండా పిల్లలకు సూది వేయడం అన్యాయం. దాన్ని మీ అత్తమ్మ మరిచిపోకపోవడమే సబబు. ఆమెతో వాదించకండి. ఈసారి డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లండి, ఆమె అడగాల్సినవి ఆమెనే అడగనివ్వండి.

అప్పటికీ ఇప్పటికీ చట్టంలో మార్పు వచ్చింది. 2019లో వచ్చిన క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ప్రభుత్వం దగ్గర నమోదైన ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటేనే కొత్త మందు ట్రయల్ మొదలుకావాలి. ఆ కమిటీలో డాక్టర్లే కాక చట్టం తెలిసినవాళ్లు, మామూలు జనంలోంచి ఒకరు, కనీసం ఒక మహిళ ఉండాలి. సభ్యుల్లో సగం మంది ఆ ఆస్పత్రికి సంబంధం లేనివాళ్లై ఉండాలి. సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో, అంటే తెలుగులో, ఇవ్వాలి. ట్రయల్ వల్ల మీకు హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి, పరిహారం కట్టాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు కారణం చెప్పకుండా బయటికి రావచ్చు. ఇవన్నీ మీ హక్కులు. వాళ్లు చేసే ఉపకారం అనుకోవద్దు.

ఇంకో సంగతి. మన దేశంలో జరిగే ప్రతి ట్రయల్ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు కావాలి. 2007లో మొదలై, 2009 జూన్ నుంచి తప్పనిసరి అయింది. అందులో ఎవరైనా డబ్బు కట్టకుండా చూడొచ్చు. మీకిచ్చిన కాగితాల్లో సీటీఆర్ఐ అనే అక్షరాలతో మొదలయ్యే నంబర్ ఉంటుంది. మీ ఆయన్ను ఆ నంబర్ కొట్టి చూడమనండి. ఎవరు డబ్బు పెడుతున్నారు, ఎంతమందిని తీసుకుంటారు, ఎవరిని తీసుకోరు, ఏం కొలుస్తారు, అన్నీ కనిపిస్తాయి. ఆ నంబర్ చూపించలేకపోతే సంతకం పెట్టొద్దు.

ఏం కొలుస్తారన్నది మీరు తప్పకుండా చూడాలి. ఈ జబ్బు అరుదు. అందులోనూ మందు సరిగ్గా వాడేవాళ్లకు మళ్లీ గడ్డ కట్టడం ఇంకా అరుదు. కాబట్టి కొత్త మందు గడ్డలను నిజంగా ఆపుతోందో లేదో తేల్చాలంటే చాలామంది కావాలి, ఏళ్లు పడుతుంది. అందుకే తొలి దశ ట్రయల్స్ చాలావరకు మందు ఒంటికి పడుతోందా, రక్తంలో యాంటీబాడీల మోతాదు తగ్గుతోందా అన్న రెండింటినే చూస్తాయి. యాంటీబాడీలు తయారుచేసే కణాలను దెబ్బకొట్టే మందులు చాలానే పరీక్షలో ఉన్నాయి. అమెరికాలో రిటుక్సిమాబ్‌ను 19 మందిలో వాడి చూస్తే యాంటీబాడీలు పెద్దగా కదల్లేదు, కొందరికి చర్మం పుండ్లు, ప్లేట్‌లెట్లు తగ్గడం లాంటి ఇబ్బందులు మాత్రం నయమయ్యాయి. బోన్‌మ్యారోలో దాక్కుని యాంటీబాడీలు చేసే ప్లాస్మా కణాల మీద పనిచేసే డారటుముమాబ్‌ను కూడా అక్కడే తొలి దశలో పరీక్షకు పెట్టారు. ఇవి మంచి ప్రయత్నాలు, నాకూ వీటి మీద ఆశ ఉంది. కానీ యాంటీబాడీ అంకె తగ్గినంత మాత్రాన గడ్డ కట్టదన్న హామీ ఇంకా ఎవరూ ఇవ్వలేరు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందు కాబట్టి ఇన్ఫెక్షన్ల భయమూ ఉంటుంది. పైగా సగం మందికి సెలైనే. మీ ఆయన కొత్త మందు ఫ్రీగా దొరుకుతుందనుకుంటున్నారేమో. మీకు ఏది పడిందో మీకూ తెలియదు, మీ డాక్టర్‌కూ తెలియదు. సెలైన్ పడితే అన్యాయం జరిగిందని మాత్రం అనుకోకండి, అసిట్రోమ్ అందరికీ కొనసాగిస్తామన్నారు కదా. ట్రాప్స్‌లో క్షేమంగా ఉన్నది పాత మందు పడినవాళ్లే.

మరి చేరాలా? మీ ఉత్తరంలో "నాకు పిల్లలు కావాలి" అని ఒక్క ముక్కలో రాశారు. నాకు మిగతా అన్నిటికంటే అదే పెద్దగా కనిపించింది. ఇలాంటి మందుల ట్రయల్స్‌లో గర్భం రాకుండా జాగ్రత్త పడాలని షరతు ఉంటుంది. ట్రయల్ జరిగే కాలమంతా, మందు ఆపాక కూడా ఇంకొన్ని నెలలు. ఏడాది పైన ట్రయల్, తర్వాత ఆ నెలలు కలిపితే మీకు 34 దగ్గరపడుతుంది. మీకు పిల్లలే ముఖ్యమైతే ఇప్పుడు ఈ ట్రయల్‌లో చేరవద్దన్నది నా సలహా. మందు చెడ్డదనో, ఆస్పత్రి మోసం చేస్తుందనో కాదు. పిల్లల కోసం మీ దగ్గర ఇప్పటికే పరీక్షకు నిలిచిన వైద్యం ఉంది. ఇంకా తేలని మందు కోసం ఆ సమయాన్ని ఇవ్వాల్సిన అవసరం మీకు లేదు. ఒకవేళ మీరిద్దరూ ఇంకో రెండేళ్లు ఆగుదామనుకుంటే నా జవాబు మారుతుంది. ఇంతకుముందు చెప్పినవన్నీ సరిచూసుకుని, అసిట్రోమ్ ఆపరని, ఐఎన్ఆర్ ఎవరు చూస్తారని, రాత్రిపూట ఏదైనా జరిగితే ఏ నంబర్‌కు ఫోన్ చేయాలని రాతపూర్వకంగా తెలుసుకుని, నిశ్చింతగా చేరండి. ఖమ్మం నుంచి హైదరాబాద్ రానూపోనూ ఖర్చులిస్తారా, మీతో వచ్చేవాళ్లకు కూడానా అని అడగడానికి మొహమాటపడొద్దు.

ఆగుదామనుకున్నా, వెంటనే ప్రయత్నిద్దామనుకున్నా ఒక జాగ్రత్త ఉంది. గర్భం రాకుండా మాలా-డి లాంటి మాత్రలు వేసుకోకండి. వాటిలో ఈస్ట్రోజన్ ఉంటుంది, గడ్డ కట్టే గుణాన్ని అది ఇంకా పెంచుతుంది. ఊళ్లో ఆశా కార్యకర్త మంచి మనసుతోనే ఇవ్వవచ్చు, మీరే మీ జబ్బు సంగతి చెప్పి వద్దనండి. ఏ పద్ధతి మీకు సరిపోతుందో గైనకాలజిస్టును అడగండి.

పిల్లల కోసం ప్రయత్నించే ముందే రక్తం డాక్టర్, గైనకాలజిస్టు ఇద్దరూ కలిసి మీకు ప్లాన్ రాసివ్వాలి. అసిట్రోమ్ మాయను దాటి బిడ్డకు చేరుతుంది. ముఖ్యంగా ఆరో వారం నుంచి పన్నెండో వారం వరకు బిడ్డ ఎముకలు, ముక్కు ఏర్పడే సమయంలో హాని చేస్తుంది. హెపారిన్ మాయను దాటదు. అందుకని ముందే హెపారిన్‌కు మారాలా, లేక పీరియడ్ తప్పిన రోజే టెస్ట్ చేసుకుని పాజిటివ్ రాగానే మారాలా అన్నది డాక్టర్లు నిర్ణయిస్తారు. రెండో దారి అయితే నెల తప్పాక "ఇంకో వారం చూద్దాం" అనుకోవడానికి లేదు. ప్రెగ్నెన్సీ కిట్ ఇంట్లో పెట్టుకోండి. మీకు గడ్డ కట్టిన చరిత్ర ఉంది కాబట్టి హెపారిన్ డోసు మీ బరువును బట్టి, లండన్ ట్రయల్‌లోని తల్లులకంటే ఎక్కువే ఉంటుంది. దాంతోపాటు చిన్న డోసు ఆస్పిరిన్. పొట్ట మీద చర్మం కింద తీసుకునే ఇంజక్షన్ అది, నేర్పిస్తే మీరే తీసుకోగలరు. అక్కడక్కడా కమిలినట్టు నీలం మచ్చలు పడతాయి, కంగారుపడకండి. నెలల తరబడి కొనాలి కాబట్టి ఖర్చు ఎంతవుతుందో ముందే లెక్క వేసుకోండి, ఆస్పత్రిలోనే ఏ కంపెనీది తక్కువకు దొరుకుతుందో అడగండి. కాన్పు అయ్యాక కూడా కొన్ని వారాలు గడ్డల ముప్పు ఎక్కువగానే ఉంటుంది, ఆ బాలింత రోజుల్లో మందు ఒక్కపూట కూడా మానకూడదు.

గర్భిణుల కోసం కూడా కొత్త ట్రయల్స్ జరిగాయి, జరుగుతున్నాయి. అమెరికాలో సెర్టోలిజుమాబ్ అనే మందును హెపారిన్, ఆస్పిరిన్‌లకు తోడుగా ముప్పు ఎక్కువున్న గర్భిణులకు ఇచ్చి చూశారు. ఫలితాలు ఆశాజనకంగా వచ్చాయి. అయితే పక్కనే పోల్చడానికి రెండో గుంపు పెట్టలేదు, పాత రికార్డులతో పోల్చారు. కాబట్టి అందరికీ రాయడానికి ఇంకా తొందరే. రోగనిరోధక వ్యవస్థ దారి తప్పడం వల్లే వచ్చే లూపస్ అనే ఇంకో జబ్బుకు ఏళ్లుగా వాడుతున్న హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రను కూడా పరీక్షిస్తున్నారు. అది చవక, గర్భంలో వాడిన అనుభవం చాలా ఉంది, కొందరు డాక్టర్లు ఇప్పటికే కలుపుతున్నారు. మీకు పనికొస్తుందా అని అడగండి, మొదలుపెట్టే ముందు కంటి పరీక్ష ఎప్పుడు చేయించాలో కూడా.

ట్రయల్ డాక్టర్‌కు ఏం చెప్పాలా అని మొహమాటపడకండి. "పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం, ఇప్పుడు చేరలేను, తర్వాత అవకాశముంటే చెప్పండి" అంటే చాలు. చేరనన్నందుకు మీ మామూలు వైద్యం ఆపడానికి, అపాయింట్‌మెంట్లు వెనక్కి నెట్టడానికి ఎవరికీ హక్కు లేదు. అలాంటిదేమైనా జరిగితే మీకిచ్చిన సమ్మతి పత్రంలో ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ ఉంటుంది, దానికి ఫోన్ చేయండి. సంతకం పెట్టకపోయినా ఆ పత్రం కాపీ మీ ఫైల్లోనే ఉంచుకోండి.